కోర్టు వదిలాక నాటకం

తెలుగు నాటకం, కర్ణాటక సంగీతం గురించి మాట వస్తే మనం ముందుగా రాజులనూ జమీందార్లనూ తలుచుకుంటాం. వాళ్లు పోషించారు కాబట్టి కళలు బతికాయనీ, వాళ్లు పోయాక చిక్కిపోయాయనీ, పొద్దంతా కొలువులో నలిగిన మనిషికి కళ ఆస్వాదించే ఓపిక ఎక్కడిదనీ చాలామంది నమ్మకం. గడిచిన నూట నలభై ఏళ్ల చరిత్రను దగ్గరగా చూస్తే ఈ నమ్మకం నిలవదు. మన ఆధునిక రంగస్థలాన్ని నిలబెట్టినవాళ్లలో, మన సంగీత కచేరీకి ఇప్పుడున్న కొలత రావడానికి కారణమైనవాళ్లలో ఎక్కువమంది పగలు వేరే పని చేసుకుని బతికినవాళ్లే. ప్లీడర్లు, బడిపంతుళ్లు, గుమాస్తాలు. పని ముగిశాక వాళ్లకు మిగిలిన ఆ కాస్త పొద్దులోనే ఈ కళలకు కొత్త రూపం వచ్చింది.

మొదటి సాక్ష్యం రాజమండ్రిలో దొరుకుతుంది. 1880 ప్రాంతంలో ధార్వాడ నాటక సమాజం కోస్తా పట్టణాల్లో నాటకాలు ఆడి వెళ్లింది. ఆ ఉత్సాహం చల్లారకముందే కందుకూరి వీరేశలింగం తన విద్యార్థులను పోగుచేసి ‘వ్యవహార ధర్మబోధిని’ ఆడించారు. తెలుగులో ప్రదర్శనకు నోచుకున్న తొలి ఆధునిక నాటకంగా దాన్నే చెప్పుకుంటాం. రాసినాయన బడిపంతులు, ఆడినవాళ్లు చదువుకునే పిల్లలు, నాటకంలో ఎండగట్టింది కోర్టు పక్షుల మోసాలను. ఏ సంస్థానాధీశుడి మెప్పు కోసమూ రాసింది కాదది. తర్వాత పదేళ్లకు అదే ఊళ్లో ఇమ్మానేని హనుమంతరావు నాయుడి బృందం కోసం చిలకమర్తి లక్ష్మీనరసింహం ‘కీచకవధ’, ‘గయోపాఖ్యానం’ రాశారు. చిలకమర్తికి చిన్నతనం నుంచీ రేచీకటి. దీపాల వెలుగులో ఆడే నాటకాన్ని సరిగా చూడలేని మనిషి రాసిన మాటలు ఊరూరా రాత్రిళ్లు మారుమోగాయి. నాయుడు అంతకుముందు ఒంగోలులో ఉపాధ్యాయులు. ఆయన వెంట రాజమండ్రి వచ్చి, ఆ బృందంలో ఆడవేషాలు కట్టిన కుర్రవాడే టంగుటూరి ప్రకాశం. పెద్దయ్యాక బారిస్టరై, 1953లో ఆంధ్రరాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయ్యారు.

అయితే ఈ కథలో అసలు కేంద్రం బళ్లారి. అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న ఆ ఊరు 1953లో మైసూరు రాష్ట్రంలో కలిసింది. ఆ తర్వాత తెలుగువాళ్లు దాన్ని మరిచిపోవడం మన సాహిత్య చరిత్రకు జరిగిన నష్టాల్లో ఒకటని నా అభిప్రాయం. ధర్మవరం రామకృష్ణమాచార్యులు అక్కడ ప్లీడరు. ‘సరసవినోదిని’ సభ పెట్టి, ‘చిత్రనళీయం’తో మొదలుపెట్టి ముప్పై దాకా నాటకాలు రాశారు. అదే ఊళ్లో మరో ప్లీడరు కోలాచలం శ్రీనివాసరావు ‘సుమనోరమ’ సభ నడిపి, విజయనగర పతనం వంటి చరిత్ర కథలను రంగస్థలం ఎక్కించారు. ధర్మవరం వారి మేనల్లుడు బళ్లారి రాఘవ కూడా న్యాయవాదే. సర్కారు తరఫున కేసులు వాదించిన ఆయనే రాత్రి రంగస్థలం మీద తెలుగునాట సాటిలేని నటుడు. యూరప్ వెళ్లి బెర్నార్డ్ షాను కలిసి వచ్చినా ఆయన నాటకాన్ని వృత్తిగా చేసుకోలేదు. 1891లో సరసవినోదిని సభ మద్రాసు వెళ్లి నాటకాలు ఆడింది. చదువుకున్నవాళ్లు, పరువుగల ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు వేషాలు కట్టడం చూసి పమ్మళ్ సంబంధ మొదలియార్ అనే పద్దెనిమిదేళ్ల యువకుడి మనసు మారిపోయింది. ఆయన అదే ఏడాది సుగుణ విలాస సభ స్థాపించారు. తర్వాత తానూ న్యాయవాదై, న్యాయమూర్తి కూడా అయ్యి, ఆధునిక తమిళ నాటకానికి ఆద్యుల్లో ఒకరుగా పేరు తెచ్చుకున్నారు. పొరుగు భాషలో కొత్త నాటకానికి దారి చూపింది బళ్లారి ప్లీడర్ల తెలుగు ప్రదర్శనలన్నమాట.

వీళ్ల పగటి సంపాదన వీళ్ల కళకు ఏమిచ్చింది? ధైర్యాన్ని ఇచ్చిందంటాను. మంగళాంతం కాని నాటకం మన సంప్రదాయానికి పొసగదు. టికెట్ల మీదే పొట్ట పోసుకునే సమాజం నాయకుడి బాధతో తెర దించడానికి జంకుతుంది. ధర్మవరం వారు మాత్రం ‘విషాద సారంగధర’ రాసి, ఆ విషాదాన్నే పేరులో పెట్టుకున్నారు. నాటకం దెబ్బతిన్నా మర్నాడు కోర్టుకు వెళితే ఇల్లు గడుస్తుంది. ఆ భరోసా ఉన్నవాడే కొత్తదాన్ని ముందు తలకెత్తుకోగలడు. రాఘవ విషయంలోనూ ఇదే చూస్తాం. పద్యాన్ని రాగాల్లో ముంచి ‘వన్స్ మోర్’లు కొట్టించుకోవడం నటనగా చలామణి అవుతున్న రోజుల్లో, మాటకూ భావానికీ పెద్దపీట వేయాలని ఆయన పట్టుబట్టారు. చప్పట్లే జీతంగా బతికే నటుడికి అది తేలిక కాదు.

సంగీతంలో సంగతి ఇంకా స్పష్టం. పందొమ్మిదో శతాబ్దపు ఆస్థానంలో, పెళ్లిపందిట్లో విద్వాంసుడికి కాలపరిమితి లేదు. రాగమూ పల్లవీ గంటల తరబడి సాగేవి. నగరంలో సంగీత సభలు పుట్టాక వినేవాడు మారాడు. మద్రాసు తిరువల్లిక్కేణిలో పార్థసారథి స్వామి సభ 1900లో ఏర్పడింది. 1927 కాంగ్రెస్ మహాసభలతో పాటు జరిగిన సంగీత సదస్సు ఫలితంగా 1928లో మ్యూజిక్ అకాడమీ వచ్చింది. చందా కట్టి వచ్చి కూర్చునే సభ్యుడు ఎక్కువగా ఉద్యోగస్తుడు, వకీలు. మర్నాడు పదింటికి ఆయన బల్ల ముందు ఉండాలి. గాయకుడు అరియక్కుడి రామానుజ అయ్యంగార్ స్థిరపరచిన పద్ధతి ఈ శ్రోతకు సరిగ్గా సరిపోయింది. ముందు వర్ణం, వెంటనే చురుకైన కృతులు, నడుమ విస్తారంగా ఒక ప్రధాన కృతి, కొలతకు లోబడిన పల్లవి, చివర తేలికైన పాటలు. నేటికీ చెన్నైలోనూ హైదరాబాద్‌లోనూ నడుస్తున్నది ఈ వరుసే. దీనివల్ల తెలుగుకు పెద్ద మేలు జరిగింది. పల్లవి నుంచి కృతి వైపు కచేరీ బరువు జరగడంతో త్యాగరాజు తెలుగు రచనలు ప్రతి సాయంత్రం మధ్యకు వచ్చి కూర్చున్నాయి. తమిళ శ్రోత రోజూ వినే భాష తెలుగు కావడంలో ఆఫీసు వేళలకూ ఒక వాటా ఉంది. సంగీతం కురచైపోయి లోతు తగ్గిందనే ఫిర్యాదు అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. పల్లవి గానంలో కొంత పోయిన మాట నిజమే. కానీ ఆ లోతును ఆస్థానంలో కొద్దిమందే అనుభవించారు. సభల పుణ్యమా అని రాగం గుర్తుపట్టగల శ్రోతలు వేలల్లో తయారయ్యారు. ఈ మార్పిడిలో లాభమే ఎక్కువ.

మరి విజయనగరం సంగతేమిటని అడగవచ్చు. గట్టి ప్రశ్నే. ‘కన్యాశుల్కం’ 1892లో అక్కడి జగన్నాథ విలాసినీ సభ ఆడింది. గురజాడ దాన్ని విజయనగరం మహారాజు ఆనంద గజపతికే అంకితమిచ్చారు. 1919లో అక్కడ వెలసిన సంగీత కళాశాల ఆ సంస్థానం చలవే. ఆదిభట్ల నారాయణదాసు, ద్వారం వెంకటస్వామి నాయుడు వంటివారికి కొలువిచ్చింది అదే. ఆ రుణాన్ని ఎవరూ కాదనలేరు. కానీ గురజాడ కూడా కళాశాలలో పాఠాలు చెబుతూ, సంస్థానంలో ఉద్యోగం చేస్తూ రాసినవారే. అంతకంటే ముఖ్యమైన సాక్ష్యం తర్వాతి కాలంలో ఉంది. 1948 చట్టంతో జమీందారీలు రద్దయ్యాయి. పోషణ ఒక్కటే ప్రాణమైతే నాటకం ఆ దశాబ్దంలోనే కూలిపోవాలి. జరిగింది వేరు. 1929లో తెనాలిలో మొదలైన ఆంధ్ర నాటక కళాపరిషత్తు బాటలో ఊరూరా నాటక పరిషత్తులు పెరిగాయి. రాత్రంతా సాగే పద్యనాటకం పక్కన గంటసేపటి నాటిక వచ్చింది. 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ రేడియో కేంద్రం ఇంటింటికీ నాటికను తెచ్చింది. ఏలూరు న్యాయవాది బందా కనకలింగేశ్వరరావు తాను వేషాలు కట్టడమే కాక కూచిపూడి పునరుద్ధరణకు పూనుకున్నారు. ఎస్వీ రంగారావు సినిమాలకు రాకముందు అగ్నిమాపక శాఖలో ఉద్యోగి, కాకినాడ యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్ నటుడు.

దీనికంటే బరువైన ఆక్షేపణ ఒకటుంది. ఈ సాయంత్రం ఎవరిది? చాలావరకు చదువుకున్న పై కులాల మగవాళ్లది. భర్త నాటకానికి వెళ్లిన పూట భార్య వంటింట్లోనే ఉంది. పొలం నుంచి వచ్చిన కూలీకి సభలో కుర్చీ లేదు. సంగీతాన్నీ నాట్యాన్నీ తరతరాలు కాపాడిన కళావంతుల స్త్రీలను, వాళ్ల విద్యను మెచ్చుకుంటూనే పెద్దమనుషుల సభలు దూరం పెట్టాయి. దీన్ని నేను పూర్తిగా ఒప్పుకుంటాను. సాయంత్రం తీరిక దొరకడం కూడా ఒక హోదాయే. అయితే ఆ గోడను పగలగొట్టే పని కూడా రంగస్థలం మీదే మొదలైంది. 1885లో కడప జిల్లాలో పుట్టిన సురభి నాటక కుటుంబాల్లో ఆడవేషాలు ఆడవాళ్లే వేశారు. స్త్రీలు రంగస్థలం మీదికి రావాలని రాఘవ వాదించి, కొమ్మూరి పద్మావతీదేవితో కలిసి నటించి చూపించారు. 1943 నుంచి ప్రజానాట్యమండలి బుర్రకథనూ నాటకాన్నీ కూలీల వాడలకే తీసుకువెళ్లింది. బుర్రకథకుడు షేక్ నాజర్ గొంతు విన్నవాళ్లలో ఎక్కువమంది పగలంతా పొలంలో వంగినవాళ్లే. సుంకర, వాసిరెడ్డి రాసిన ‘మా భూమి’ని మద్రాసు ప్రభుత్వం నిషేధించిందంటే, పని ముగించుకున్న జనం ఒకచోట చేరి నాటకం చూడటంలో ఎంత బలముందో పాలకులకు అర్థమైందన్నమాట.

ఇప్పటి ఉద్యోగికి తీరిక లేదన్నది చివరి వాదన. ట్రాఫిక్కు, రాత్రి షిఫ్టులు, చేతిలో ఫోను. కష్టం నిజమే, కొత్తది మాత్రం కాదు. 1932లో తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ వచ్చినప్పుడు సురభి నటులే అందులో వేషాలు కట్టారు. తర్వాత అనేక నాటకశాలలు సినిమాహాళ్లయ్యాయి. అయినా ఆ తరం తన పనివేళలకు తగ్గట్టు కచేరీని కుదించుకుంది, నాటికను పుట్టించుకుంది. మనం ఆ పని చేయడం మానేశాం. హైదరాబాద్ శివార్లలో ఏడింటికి ఆఫీసు వదిలేవాడికి నగరం నడిబొడ్డున ఆరున్నరకు తెర తీస్తామంటే ఎలా వస్తాడు? వచ్చినా జ్యోతి ప్రజ్వలన, వేదిక మీద పదిమంది అతిథులు, శాలువాలు, ఉపన్యాసాలు దాటుకుంటేగానీ తొలి పద్యం చెవిన పడదు. ఆస్థానంలో రాజుగారికి పట్టిన కాలమే ఇప్పుడు అతిథులకు పడుతోంది, అదీ ప్రేక్షకుడి సాయంత్రం నుంచి.

అందుకే హైదరాబాద్ రవీంద్రభారతి మొదలుకొని చిన్న ఊరి పరిషత్తు దాకా నిర్వాహకులందరికీ ఒక విన్నపం. ఎనిమిదింటికి మొదలుపెట్టండి. సన్మానాలు వేరే రోజు పెట్టుకోండి. ఆహ్వానపత్రం మీద ముగిసే వేళ కూడా అచ్చు వేసి, ఆ వేళకు తెర దించండి. నగరం నడిబొడ్డున ఉన్న హాళ్లతో పాటు ఉద్యోగస్తులు కాపురముండే పేటల్లోనూ ఆడించండి. పాఠకులకు చెప్పేది ఒకటే: ఈ నెల మీ ఊళ్లో ఎక్కడ నాటకముందో, ఎక్కడ కచేరీ ఉందో కనుక్కుని, ఉచిత పాసు కోసం చూడకుండా టికెట్ కొని వెళ్లండి, ఇంట్లోవాళ్లనూ వెంటబెట్టుకెళ్లండి.