పాత పందెపు కారు, దాని ఇంజను

ఎడ్లను కొనువాడు పండ్లు చూచును, సుడులు చూచును, నాలుగడుగులు నడిపించి చూచును. పొలము కొనువాడు వెనుకటి దస్తావేజులను అడుగును. పాత పందెపు కారును కొనువాడు ఏమి చూడవలెను? ఈ ప్రశ్న ఒకప్పుడు ఇంగ్లండు న్యాయస్థానమునకే యెక్కినది. ఆ వృత్తాంతమును మీకు మనవి చేసెదను.

బెంట్లీ కంపెనీవారి ‘ఓల్డ్ నంబర్ వన్’ అను కారు ఫ్రాన్సు దేశమున లె మాన్ అను పట్టణమున జరుగు 24 గంటల పందెమును 1929లోను, 1930లోను గెలిచినది. ఆ రెండు మారులును దానిని నడిపినవారిలో వుల్ఫ్ బార్నాటో యొకడు. అప్పటి యింజను 6½ లీటర్లది. 1932లో దానిని తీసివేసి 8 లీటర్ల యింజనును అమర్చిరి. ఆ యేటనే బ్రూక్‌లాండ్సు పందెములో కారు గట్టు దాటి పడగా, నడుపుచున్న క్లైవ్ డన్‌ఫీ మరణించెను. పిమ్మట దానిని బాగుచేయించి, పైకప్పుగల బండిగా మార్చిరి.

1990లో ఈ కారును ఒక కోటి పౌనులకు అమ్మజూపగా బేరము కుదిరినది. అంతలో కొనువారు వెనుదీసి, లె మాన్‌లో గెలిచిన కారు ఇది కాదనిరి. యజమాని దావా వేసెను.

ఇట్టి బేరములందు ముందుగా చూపు పడవలసినది ఇంజను మీదనే. కర్మాగారమువారు దాని పోతపెట్టె మీద ఒక సంఖ్యను గుద్దుదురు. అది కంపెనీ లెక్కల పుస్తకముతో సరిపోవలెను. అంకెల చుట్టు ఆకురాయి గీతలున్నను, వరుస వంకరగా నున్నను, పాత సంఖ్యను రాచి కొత్తది కొట్టిరని అనుమానింపవలెను. సరిపోయినంత మాత్రమున నమ్మవలదు. సుత్తి చేతనున్న వాడెవడైనను అంకె కొట్టగలడు గదా! కావున మరమ్మతు రసీదులు, యజమానుల వరుస, నాటి ఛాయాచిత్రములు, ఇవన్నియు ఒకదానితో నొకటి పొసగవలెను. బయానా ఇచ్చిన పిదప చూచినచో కనబడునది మన తొందరపాటే.

ఈ కారు ఇంజను మారుట రహస్యమేమియు కాదు. న్యాయమూర్తి ఆటన్ 1929 నాటి బండిలో మిగిలినది దాదాపు ఏమియు లేదని ఒప్పుకొనెను. అయినను అది ఏనాడును విడిపోయి నశింపక, మార్పు వెంట మార్పు పొందుచు ఒకే కారుగా నిలిచినది గనుక, ‘ఓల్డ్ నంబర్ వన్’ అనుటకు అర్హమేయని తీర్పు చెప్పెను. యజమాని గెలిచెను.

ఈ తీర్పు నాకు సమంజసముగనే తోచినది. మా యూరి దేవుని రథమునకు నా యెఱుకలోనే చక్రములు మార్చిరి. తిరునాళ్లనాడు అది వేరొక రథమని తలచినవాడు లేడు. కాని కారు ఒకటే యగుట వేరు, ఇంజను ఒకటే యగుట వేరు. ఆ 8 లీటర్ల యింజనును చూపి, లె మాన్‌లో గెలిచిన యంత్రము ఇదే యని యెవడైన ధర పెంచినచో, ఆ మాటకు ఈ తీర్పులో ఆధారము దొరకదు.