పార్కులో మిగిలిన సమాధి

తెలుగు పాఠం చెప్పేవాడికి శ్మశానం అనగానే జాషువా గుర్తుకు వస్తాడు. హరిశ్చంద్ర నాటకంలో కాటిసీను పద్యాలు వినకుండా మా ఊరి జనం పందిరి కింద నుంచి లేచేవారు కారు. ఎక్కువ తక్కువలు చెరిగిపోయే చోటు అదొక్కటేనని ఇరవై ఏళ్ళుగా పిల్లలకు చెబుతున్నాను. షికాగోలో లింకన్ పార్కు చూసి వచ్చాక ఆ మాట దగ్గర కొంచెం తడబడుతున్నాను.

అక్కడ ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడు నన్ను ఆ పార్కుకు తీసుకెళ్ళాడు. మిషిగన్ సరస్సు ఒడ్డున పచ్చిక, చెట్లు, ఆడుకునే పిల్లలు. వాటి మధ్య ఇనుప కంచె లోపల రాతితో కట్టిన సమాధి మందిరం. తలుపుపైన ఒక్కటే మాట: కౌచ్. ఊరి తొలి కుటుంబాల్లో ఒకటన్నమాట. "ఇక్కడ సమాధి ఏమిట్రా?" అన్నాను. "ఇదంతా ఒకప్పుడు శ్మశానమే అన్నయ్యా" అన్నాడు.

1843 నుంచి 1866 దాకా నగర శ్మశానం అదే. ఐరా కౌచ్ 1836లో వచ్చి, ట్రెమాంట్ హౌస్ అనే హోటలు నడిపి ధనవంతుడయ్యాడు. 1857లో హవానాలో చనిపోయాడు. మరుసటి ఏడు కుటుంబం వారు ఈ మందిరం కట్టించారు. ఖర్చు ఏడువేల డాలర్లని చెబుతారు. రోజుకూలి ఒక డాలరుకు అటూ ఇటూగా ఉన్న కాలమది. ఒక కూలివాడు సెలవన్నది లేకుండా, తిండి కూడా మానేసి పంతొమ్మిదేళ్ళు కష్టపడితే అంత సొమ్ము పోగవుతుంది!

ఆ ఊరిని కలరా మాటిమాటికీ ఊడ్చుకుపోయింది. చచ్చినవాళ్ళను పాతింది సరస్సు ఒడ్డు ఇసుకలో. ఊరు తాగేది ఆ సరస్సు నీళ్ళే. డాక్టర్ జాన్ రౌచ్ వంటివారు శ్మశానాన్ని ఊరి వెలుపలికి తరలించాలని గట్టిగా వాదించారు. 1865లో లింకన్ హత్య జరిగాక పార్కుకు ఆయన పేరు పెట్టారు. ఉన్నవాళ్ళు తమవారి అస్థికలను గ్రేస్‌లాండ్, రోజ్‌హిల్ శ్మశానాలకు తీసుకుపోయారు. లేనివాళ్ళ గుర్తులు చాలావరకు కొయ్య పలకలు. 1871 అక్టోబరులో షికాగో నగరాన్ని దహించిన మంటల్లో అవీ పోయాయి. పలక లేనివాడిని ఎవరని వెతికి తీస్తారు?

అంతర్యుద్ధంలో పట్టుబడి క్యాంప్ డగ్లస్‌లో చనిపోయిన దక్షిణాది సైనికులు సుమారు నాలుగు వేల మందిని కూడా అక్కడే, దిక్కులేనివారి మధ్య పాతారు. వాళ్ళను 1867లో ఓక్ ఉడ్స్‌కు తరలించారు. 1895లో స్మారక స్తంభం కూడా వెలిసింది. బానిసత్వం కోసం యుద్ధానికి దిగిన పక్షానికి స్తంభం లేచింది గాని, పక్కన పడుకున్న కలరా రోగులకు పలక తిరిగి రాలేదు. (ఆ సైనికుల్లోనూ బానిసలు లేని పేద రైతులు ఎందరో ఉన్నారనుకోండి.) పామెలా బానోస్ అనే ఛాయాచిత్రకళ అధ్యాపకురాలు పాత కాగితాలు శోధించి, ఇంకా పదివేల మంది దాకా ఆ పచ్చిక కిందే ఉండవచ్చని అంచనా కట్టారు. అది ఊహ మాత్రమే అనడానికి వీల్లేదు. 1998లో మ్యూజియం పక్కన కార్లు నిలిపే కట్టడానికి తవ్వితే 81 మంది అవశేషాలు బయటపడ్డాయి. దిక్కులేనివారిని పాతిన చోట ఇప్పుడు బేస్‌బాల్ ఆడుతున్నారు.

ఇక "తొలి కుటుంబం" అన్న మాట. సాహిత్య చరిత్రలు రాసే మనం కూడా ఈ "తొలి"ని ఎంత ధారాళంగా వాడతామో! ఆ నేల పొటావటోమీలది. 1833లో ఒప్పందం పేరిట ఆ ప్రాంతంలో వాళ్ళకు మిగిలిన నేలను కూడా రాయించుకున్నారు. 1835లో వాళ్ళు షికాగోలో చివరిసారి నృత్యం చేసి మిసిసిపీకి ఆవలి దారి పట్టారు. కౌచ్ వచ్చింది ఆ మరుసటి ఏడే. అంతకు అర్ధశతాబ్దం ముందే డు సాబుల్ అనే నల్లజాతి వర్తకుడు నది ముఖద్వారం దగ్గర ఇల్లు కట్టుకుని ఉన్నాడు. తొలి ఎవరు?

మర్నాడు పట్టుబట్టి వాల్డ్‌హైమ్ శ్మశానానికి వెళ్ళాను. 1887 నవంబరు 11న ఉరితీయబడిన హేమార్కెట్ వీరులు అక్కడ ఉన్నారు. ఊరి వెలుపలే పాతారు. 1893లో స్మారకం నిలిపారు. ఎవరో ఎర్రపూలు పెట్టి వెళ్ళారు. అవి ఇంకా వాడలేదు.

జాషువా తప్పు చెప్పాడని నేననను. మన పల్లెల్లో కాడు కూడా కులాలవారీగా వేరని ఆయనకు తెలియనిదా? ఆయన మట్టి సంగతి చెప్పాడు. మట్టిపైన నిలబడే రాతికి ఆ న్యాయం వర్తించదు. ఈసారి ఆ పద్యాలు చెప్పేటప్పుడు పిల్లలకు ఈ పార్కు కథ కూడా చెబుతాను. మరి మిగతావాళ్ళ పేర్లేమయ్యాయి మాస్టారూ అని ఎవడో ఒకడు అడుగుతాడు. అవి కొయ్య మీద రాశారని చెప్పాలి.