రైలు వంతెనలకు కాపలా ఎవరు?
పరీక్షించేది రైల్వే... తప్పొప్పులు తేల్చేది పౌర విమానయాన శాఖ పరిధిలోని కమిషనర్
చెరువు కట్టలపైనా ఆధారపడిన పట్టాల భద్రత

కుల్చారం: మండలం మీదుగా రైలు మార్గం లేదు. అయినా అక్కన్నపేట-మెదక్‌ మార్గం 2022 సెప్టెంబరు 23న ప్రారంభమైన నాటి నుంచి మెదక్‌ స్టేషన్‌ ఇక్కడి ప్రజలకు చేరువైంది. 17.2 కిలోమీటర్ల ఈ మార్గం పొలాలు, వాగులు, చెరువుల నడుమ సాగుతుంది. 2025 ఆగస్టు చివరి వారంలో కురిసిన భారీ వర్షాలకు ఈ మార్గంలోనూ, భిక్నూర్‌-తలమడ్ల మధ్య కూడా పట్టాలపైకి వరద చేరింది. పలు రైళ్లు రద్దయ్యాయి. ఈ నేపథ్యంలో పట్టాలు, వంతెనల భద్రతను ఎవరు పర్యవేక్షిస్తారన్నది ప్రయాణికులు తెలుసుకోవలసిన విషయం.

నిత్య తనిఖీలు
పట్టాల వెంట కీమ్యాన్‌ ప్రతి రోజూ కాలినడకన తిరిగి బిగింపులు, పగుళ్లు పరిశీలిస్తాడు. వానాకాలంలో రాత్రి గస్తీ ఉంటుంది. ముప్పు ఉన్న వంతెనల వద్ద ప్రత్యేకంగా కాపలాదారును నియమిస్తారు. వంతెన స్తంభాలపై ప్రమాద స్థాయి గీత ఉంటుంది; నీరు ఆ గీతను తాకితే రైళ్లను నియంత్రించాలి. వర్షాలకు ముందు సెక్షన్‌ ఇంజినీరు, వర్షాల అనంతరం సహాయక డివిజనల్‌ ఇంజినీరు ఏటా వంతెనలను తనిఖీ చేసి రిజిస్టరులో నమోదు చేయాలి. కంటికి కనిపించని పట్టా లోపాలను అల్ట్రాసోనిక్‌ యంత్రాలతో గుర్తిస్తారు.

స్వతంత్ర వ్యవస్థ
రైళ్లు నడిపే శాఖే తన తప్పులను తానే విచారించుకోరాదన్న సూత్రంతో 1941లో తనిఖీ విభాగాన్ని రైల్వే బోర్డు నుంచి వేరు చేశారు. 1961లో దానికి రైల్వే భద్రతా కమిషన్‌ అన్న పేరు వచ్చింది. ఇది పౌర విమానయాన మంత్రిత్వ శాఖ పరిధిలో పనిచేస్తుంది. ప్రధాన కార్యాలయం లక్నోలో ఉండగా, దక్షిణ మధ్య సర్కిల్‌ కమిషనర్‌ కార్యాలయం సికింద్రాబాద్‌లో ఉంది.
* కొత్త మార్గంలో ప్రయాణికుల రైలు నడపాలంటే ముందుగా కమిషనర్‌ తనిఖీ తప్పనిసరి.
* ప్రయాణికుల రైలు ప్రమాదంలో ప్రాణనష్టం లేదా తీవ్ర గాయాలు సంభవిస్తే 1989 నాటి రైల్వే చట్టం కింద విచారణ జరుపుతారు.
* విచారణలో సామాన్యులు సైతం హాజరై తమకు తెలిసిన విషయాలు చెప్పవచ్చు.
అయితే కమిషనర్‌ చేసేవి సిఫార్సులే. అమలు చేయవలసింది రైల్వేయే. చట్టబద్ధమైన స్వతంత్ర భద్రతా సంస్థ కావాలని అనిల్‌ కకోద్కర్‌ కమిటీ 2012లోనే సూచించింది.

చేదు జ్ఞాపకాలు
1956 సెప్టెంబరు 2న జడ్చర్ల-మహబూబ్‌నగర్‌ మధ్య వంతెన కూలి వంద మందికి పైగా మరణించారు. నాటి రైల్వే మంత్రి లాల్‌ బహదూర్‌ శాస్త్రి రాజీనామాకు సిద్ధపడగా ప్రధాని నెహ్రూ అంగీకరించలేదు. అదే ఏడాది నవంబరులో తమిళనాట అరియలూరు దుర్ఘటన జరిగాక ఆయన పదవి వీడారు. 2005 అక్టోబరు 29న వలిగొండ సమీపంలో ఎగువ చెరువు తెగి చిన్న వంతెన కొట్టుకుపోయింది. డెల్టా ప్యాసింజరు ఆ గండిలో పడి వంద మందికి పైగా బలయ్యారు. 2014 జులై 24న మాసాయిపేట వద్ద కాపలా లేని గేటులో బడి బస్సును రైలు ఢీకొనగా చిన్నారులు అనేకులు అసువులు బాశారు. బ్రాడ్‌గేజ్‌ మార్గాల్లో ఇలాంటి గేట్ల తొలగింపు 2019 జనవరి నాటికి గానీ పూర్తి కాలేదు.
2024 సెప్టెంబరు 1న కేసముద్రం-ఇంటికన్నె మధ్య వరదకు పట్టాల కింది కంకర కొట్టుకుపోయింది. రైళ్లను ముందే నిలిపివేయడంతో ప్రాణనష్టం తప్పింది. సకాలంలో సమాచారం అందితే ఎంతటి ముప్పు తప్పుతుందో ఈ ఘటన చాటింది.

చెరువులే కీలకం
రైలు కట్టకు ఎగువన ఉండి, తెగితే మార్గాన్ని దెబ్బతీయగల చెరువుల జాబితాను రైల్వే రూపొందిస్తుంది. వాటిని రాష్ట్ర నీటిపారుదల అధికారులతో కలిసి తనిఖీ చేయాలి. చెరువు కట్ట రాష్ట్రానిది, రైలు కట్ట కేంద్రానిది. ఇరువురి మధ్య సమాచారం లోపిస్తే నష్టపోయేది ప్రయాణికుడే. చెరువులు విస్తారంగా ఉన్న మెదక్‌ జిల్లాకు ఈ సమన్వయం అత్యవసరం.

లోపించిన తనిఖీలు
పట్టాలు తప్పిన ఘటనలపై కాగ్‌ నివేదిక 2022 డిసెంబరులో పార్లమెంటు ముందుకు వచ్చింది. ట్రాక్‌ రికార్డింగ్‌ కార్లతో జరపవలసిన తనిఖీల్లో 30 నుంచి 100 శాతం వరకు లోటు ఉన్నట్లు అందులో తేలింది. నిబంధనలు లేక కాదు, పాటించకపోవడం వల్లే ముప్పు పొంచి ఉందని దీన్నిబట్టి స్పష్టమవుతోంది.

మీరేం చేయవచ్చు?
పట్టాల కింద కంకర జారినా, వంతెన వద్ద నీరు పెరిగినా, ఎగువ చెరువుకు గండి పడినా వెంటనే సమీప స్టేషన్‌ మాస్టరుకు లేదా గేట్‌మ్యాన్‌కు తెలపాలి. 139 నంబరుకు ఫోన్‌ చేసినా సమాచారం రైల్వేకు చేరుతుంది. చెరువు గండి విషయాన్ని రెవెన్యూ, నీటిపారుదల అధికారులకూ చేరవేయాలి.