రవివర్మ ముద్రణ చిత్రాలు: ఇళ్లలో ప్రదర్శన, సంరక్షణ

రాజా రవివర్మ (1848–1906) తైలవర్ణ చిత్రాలను రాతి అచ్చుతో రంగుల్లో ముద్రించిన ప్రతులను ఓలియోగ్రాఫులంటారు. జర్మనీలో ఆలోయిస్ సెనెఫెల్డర్ 1796 ప్రాంతంలో కనిపెట్టిన లితోగ్రఫీ వీటికి ఆధారం. ఒక్కో రంగుకు ఒక్కో సున్నపురాయిని సిద్ధం చేసి, ఒకే కాగితంపై వరుసగా అద్దేవారు. చివర వార్నిష్ పూసేవారు. తైలచిత్రంలా కనిపించడానికి కొన్నిటిపై కాన్వాసు నేతను కూడా నొక్కేవారు.

కలకత్తా ఆర్ట్ స్టూడియో, పుణే చిత్రశాల రవివర్మ ప్రతులకు ముందే దేవతా చిత్రాలు అచ్చువేశాయి. తిరువాన్కూరు, బరోడా సంస్థానాల్లో దివానుగా పనిచేసిన టి. మాధవరావు 1884లో చిత్రాలను అచ్చు వేయించమని రవివర్మకు సూచించారు. పదేళ్లకు, 1894లో, బొంబాయిలో ముద్రణాలయం మొదలైంది. అందులో వెలువడిన తొలి చిత్రం ‘శకుంతల జననం’. తరవాత ముద్రణాలయం లోణావళా దగ్గరి మళవలీకి మారింది. అప్పుల భారంతో రవివర్మ దాన్ని జర్మన్ నిపుణుడు ఫ్రిట్జ్ ష్లైషర్‌కు అమ్మేశారు. 1972లో అది అగ్నికి ఆహుతైంది.

రాజభవనాలకే పరిమితమైన లక్ష్మి, సరస్వతి చిత్రాలు ఈ ప్రతులతోనే మామూలు ఇళ్లకు చేరాయి. తెలుగు ఇళ్లలోనూ వీటిని పటం కట్టించి దేవుడి గదిలోనో వసారాలోనో వేలాడదీశారు. పూజలందుకున్న పటాన్ని కళాఖండంగా చూసే అలవాటు చాలా ఆలస్యంగా వచ్చింది. ఈ ప్రతులకు జరిగిన నష్టానికి సగం కారణం అదే. దీపం మసి, సాంబ్రాణి పొగ అద్దం అంచుల సందుల్లోంచి లోపలికి చేరాయి. పూలమాల తడి, అద్దంపై పెట్టిన పసుపు కుంకుమల నీరు చట్రంలోకి దిగి కింది అంచును మరకలు చేశాయి.

మిగిలిన సగం కారణం కాగితంలోనే ఉంది. ఆనాటి చౌక కాగితాల్లో చాలావరకు కలపగుజ్జుతో చేసినవి. అందులోని లిగ్నిన్, పటిక కలిపిన పూత కాలక్రమంలో ఆమ్లతను పెంచి కాగితాన్ని పసుపుగా, పెళుసుగా మార్చాయి. పటం వెనక కొట్టిన పలక చెక్క కూడా ఆమ్లాన్ని వదులుతుంది. పాత పటాల వెనక చెక్క గీతలు గోధుమరంగు చారలుగా దిగి ఉండడానికి కారణమిదే. వెలుతురు రంగుల్ని వెలిసిపోయేలా చేస్తుందని ఇంగ్లండులో రసెల్, అబ్నీలు 1888లోనే ప్రయోగాలతో నిరూపించారు. ఆమ్ల కాగితం సమస్యను అమెరికాలో విలియం బారో 1950ల్లో తేటతెల్లం చేశారు. మ్యూజియాల్లో కాగితపు చిత్రాలకు పాటించే 50 లక్స్ వెలుతురు పరిమితికి గ్యారీ థామ్సన్ పుస్తకం (1978) విస్తృత ప్రచారం తెచ్చింది.

ఇంట్లో ఈ పరిమితిని కచ్చితంగా పాటించడం కష్టమే. కాని పటాన్ని ఎండ పడని లోపలి గోడకు, వంటగదికి దూరంగా పెట్టడం ఎవరికైనా సాధ్యం. చిత్రం అద్దానికి తగలకూడదు. తగిలితే వానాకాలపు తేమకు వార్నిష్ అద్దానికి అంటుకుంటుంది, విడదీస్తే రంగు ఊడివస్తుంది. అందుకే మధ్యలో కిటికీలా కోసిన ఆమ్లరహిత అట్టను ఉంచుతారు. చిత్రాన్ని వెనక అట్టకు పై అంచులో మాత్రమే, జపాను కాగితపు పట్టీలతో, గోధుమ పిండి గంజితో అతికిస్తారు. తరవాత నీటితో తీసేయగలగడమే దీని గొప్పతనం. సెల్లో టేపు, ఫెవికాల్, లామినేషన్ కోలుకోలేని నష్టం చేస్తాయి. చట్రం వెనక మూలల్లో చిన్న బిళ్లలు పెడితే గోడకూ పటానికీ మధ్య గాలి ఆడుతుంది, చెమ్మ, బూజు తగ్గుతాయి. చెదల కోసం వెనక భాగాన్ని విప్పకుండానే ఏటా పరిశీలించాలి. అద్దం తుడిచేటప్పుడు నీటిని గుడ్డమీదే చల్లాలి.

దక్షిణాదిలో కొన్ని ప్రతులకు జరీ, పట్టుగుడ్డ, తళుకులు కుట్టి దేవతలకు చీర కట్టారు. శుభ్రం చేసే పేరుతో వాటిని తీసేయడం తప్పు. అవి ఆ ఇంటివారి చేతిపని, చిత్ర చరిత్రలో భాగం. నిత్యపూజ కొనసాగాలనుకునేవారు కొత్త ప్రతిని దేవుడి గదిలో పెట్టి, పాతదాన్ని ఆమ్లరహిత పెట్టెలో మడవకుండా పరిచి ఉంచవచ్చు.