చెరువు ఈత, సముద్రపు సొర

నేను ఈత నేర్చింది శింగనమల చెరువులో, అదీ చెరువు నిండిన అరుదైన ఏట. అటువంటి నాకు పశ్చిమ ఆస్ట్రేలియాలోని నింగలూ వద్ద తిమింగల సొర పక్కన ఈదే యోగం పట్టింది. పేరులో తిమింగలమున్నా అది చేపే, చేపలన్నింటిలోకీ పెద్దది. పైనుంచి చిన్న విమానం జాడ చెబుతుంది, గైడు సైగ చేయగానే దూకాలి. తాకరాదు. ఒంటికి 3 మీటర్లు, తోకకు 4 మీటర్ల ఎడం పాటించాలి. ఆ చుక్కల వీపును చూస్తూ ఊపిరి మరిచాను. భయం కాదనే ఇప్పటికీ నా వాదన!

తిరిగివచ్చి దాని చరిత్ర తిరగేశాను. 1828లో దక్షిణాఫ్రికాలో ఆండ్రూ స్మిత్ దీనిని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. మన గుజరాత్ తీరంలో దీని కాలేయపు నూనెను పడవలకు పూసేవారు. 1990లలో మాంసం ఎగుమతి మొదలై వేట ముదిరింది. ఆ ఘోరాన్ని 2000లో మైక్ పాండే చిత్రం లోకానికి చూపింది. 2001లో ప్రభుత్వం వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో దీనిని చేర్చింది.

అయితే చట్టం వల విప్పదు కదా. చిక్కిన సొరను వదలాలంటే వల కోయాలి, వలంటే జాలరి పెట్టుబడి. అందుకే గుజరాత్‌లో తెగిన వలకు పరిహారమిచ్చే పద్ధతి వచ్చింది. వేరుశనగ ఎండిన ఏడు పరిహారానికి ఎదురుచూసే జిల్లావాణ్ణి, దాని విలువ నాకు వేరే చెప్పనక్కరలేదు.

2021 డిసెంబరులో విశాఖ దగ్గరి తంతడి తీరంలో సుమారు 2 టన్నుల సొర వలకు చిక్కింది. జాలరులూ అటవీశాఖవారూ కలిసి దానిని లోతు నీటికి మళ్ళించారు. అది ఈదుకుంటూ వెళ్ళిపోయింది.