అన్నిటికీ ఒకే నమూనా అనే ఆశ

డేటాబేస్‌ల చరిత్రను గెలుపోటముల కథగా చెప్పడం మనకు అలవాటు. చెట్టు కొమ్మల్లా డేటాను పేర్చే పద్ధతి వెనకబడిందనీ, నెట్‌వర్క్ పద్ధతి కొన్నాళ్లు వెలిగిందనీ, చివరికి రిలేషనల్ పట్టికలు రాజ్యమేలాయనీ అంటారు. కానీ ఓడినవేవీ పోలేదు. అపోలో చంద్రయాత్రల విడిభాగాల లెక్క కోసం 1960లలో పుట్టిన, చెట్టు పద్ధతిలోని ఐబీఎం ఐఎంఎస్ ఇప్పటికీ బ్యాంకుల్లో నడుస్తోంది. కొత్త నమూనా వచ్చిన ప్రతిసారీ పాతదానితో దాన్ని పొసగించే పని అదనంగా వచ్చి పడింది.

అదే 1960లలో చార్లెస్ బాక్‌మన్ జనరల్ ఎలక్ట్రిక్‌లో నెట్‌వర్క్ పద్ధతిలో ఐడీఎస్ నిర్మించారు. డేటా అంతా పట్టికల్లో ఇమిడిపోతుందని 1970లో ఐబీఎం పరిశోధకుడు కాడ్ ప్రతిపాదించారు. 1974లో ఈ ఇద్దరి పక్షాలూ బహిరంగ చర్చకే దిగాయి. మరుసటి ఏడు అమెరికా ప్రమాణాల సంఘం వారి అధ్యయన బృందం, డేటాను వాడేవారి చూపు, సంస్థ మొత్తం చూపు, యంత్రం చూపు వేరువేరనీ, వాటి మధ్య మ్యాపింగులు ఉండాలనీ తన మధ్యంతర నివేదికలో చెప్పింది. 1976లో పీటర్ చెన్ ఎంటిటీ-రిలేషన్‌షిప్ నమూనాతో ముందుకొచ్చారు. అన్ని చూపులనూ ఏకం చేయడమే ఆయన ఉద్దేశం. తీరా అదీ మరో నమూనాగానే మిగిలింది. కాకపోతే కాగితం మీద డిజైన్ గీసుకోవడానికి దాన్ని మించింది నేటికీ లేదనే నా అభిప్రాయం.

అసలు చిక్కు ఎక్కడుందో తేటగా చూపింది 1986లో బాతిని, లెంజెరీని, శ్యాంకాంత్ నవాథే రాసిన సమీక్ష. వేర్వేరు డేటాబేస్‌ల స్కీమాలను, అంటే డేటా అమరికలను, ఒక్కటిగా కలపడానికి అప్పటికి ఉన్న 12 పద్ధతులను వారు పక్కపక్కన పెట్టి పోల్చారు. ఒకే వస్తువుకు రెండు పేర్లు, ఒకే పేరుకు రెండు అర్థాలు, ఒకచోట కాలమ్‌గా ఉన్నది మరోచోట ఏకంగా టేబుల్ కావడం: తగవులన్నీ ఇలాంటివే. మన దగ్గరే చూడండి. తెలంగాణలో 10గా ఉన్న జిల్లాలు 2016 అక్టోబరులో 31, తర్వాత 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 13 కాస్తా 26 అయ్యాయి. 2015 నాటి పట్టికలోని ‘వరంగల్’, ఇప్పటి పట్టికలోని ‘వరంగల్’ అక్షరం పొల్లుపోకుండా ఒకటే. రెంటినీ కలిపి కూడితే మాత్రం లెక్క తప్పుతుంది, ఏ సాఫ్ట్‌వేరూ ఎర్ర జెండా ఊపదు.

1990లలో పరిశోధకులు దారి మార్చారు. డేటాను ఉన్నచోటే ఉంచి, మధ్యవర్తి ప్రోగ్రామ్ ద్వారా ప్రశ్నలు అడగడం మొదలైంది. ఇక్కడా రెండు పాయలు. స్టాన్‌ఫర్డ్ వారి త్సిమ్మిస్ వ్యవస్థలో ఉమ్మడి స్కీమాను మూలాల, అంటే అసలు డేటాబేస్‌ల, పరంగా నిర్వచించారు. బెల్ ల్యాబ్స్ వారి ఇన్ఫర్మేషన్ మానిఫోల్డ్‌లో ఒక్కో మూలాన్నీ ఉమ్మడి స్కీమా పరంగా వర్ణించారు. మొదటి దారిలో ప్రశ్నకు జవాబు రాబట్టడం తేలిక, కొత్త మూలాన్ని చేర్చుకోవడం కష్టం. రెండోదానిలో సరిగ్గా తారుమారు.

ఆ తర్వాత ఐబీఎం అల్మడెన్, టొరంటో విశ్వవిద్యాలయం కలిసి చేసిన క్లియో అనే పరికరం నాకు అన్నిటికన్నా నచ్చిన ప్రయత్నం. ఏ కాలమ్‌కు ఏ కాలమ్ సరిపోతుందో మనిషి గీత గీసి చూపిస్తే చాలు. టేబుళ్ల మధ్య ఉన్న కీలను పట్టుకుని డేటాను మార్చే క్వెరీని అదే రాసిపెట్టేది. తెలివి ఎవరిది, చాకిరీ ఎవరిది అన్నది అంత చక్కగా పంచుకున్న పరికరాలు అరుదు. దీని వెనకున్న సిద్ధాంతానికి 2003లో ఫేగిన్, కొలైటిస్, మిల్లర్, పోపా గణితపు పునాది వేశారు.

ఆ గీతలు కూడా యంత్రమే గీయలేదా? అన్ని సందర్భాల్లోనూ పూర్తిగా సాధ్యం కాదని రాం, బెర్న్‌స్టీన్ 2001 నాటి సమీక్షలో తేల్చారు. అర్థంలో కొంత భాగం స్కీమాలో గానీ, చాలాసార్లు మరే కాగితంలో గానీ రాసి ఉండదన్నది వారి కారణం. నేటి భాషా నమూనాలు కాలమ్ పేర్లు చూసి ఊహించడంలో పాత పరికరాలకన్నా ఎంతో మెరుగు. రాసిపెట్టని అర్థం దగ్గర మాత్రం వాటిదీ ఊహే. అందుకే ఆ పట్టికను మొదట తయారుచేసిన ఉద్యోగిని వెతికి పట్టుకుని అడగడం ఈ వృత్తిలో ఇంకా తప్పడం లేదు.