రెండు జనగామలు, ఒక ఆసిఫాబాద్



మన కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా పేరు మీద మనలో మనకే వాదన నడుస్తుంటది. వాదించే ముందు ఈ పేర్ల చరిత్ర కొంచెం చూద్దాం.

ఆసిఫాబాద్ పాత పేరు జనగామ. నిజాం ఏలుబడిలో ఆసఫ్‌జాహీల బిరుదు మీద దాన్ని ఆసిఫాబాద్ అన్నరు. అదే రాజ్యంలో వరంగల్ దిక్కు ఇంకో జనగామ ఉంది. దానికి ఆ పేరే నిలిచింది. 2016 అక్టోబర్ 11న ఈ రెండు ఊర్లూ ఒకే రోజు జిల్లా కేంద్రాలైనయి. అది జనగామ జిల్లా, ఇది కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా.

చిక్కు ఇక్కడే ఉంది. 1940లో జోడేఘాట్ దగ్గర నిజాం పోలీసుల తూటాలకు ఒరిగిన భీం పేరు పక్కనే ఆ నిజాం వంశం పేరు కూడా ఉంది. అందుకే పాత పేరు జనగామే తెద్దామని కొందరంటరు. న్యాయమైన కోరికే. కానీ ఒకే రాష్ట్రంలో రెండు జనగామ జిల్లాలుంటే కుల సర్టిఫికెట్, పోడు పట్టా ఏ జనగామవో ఎట్ల తెలుస్తది? ఇబ్బంది పడేది మళ్లీ మనోళ్లే.

మేమనేది ఇది: పట్టణానికి ఆసిఫాబాద్ పేరు ఉండనీ, జిల్లాకు మాత్రం కుమురం భీం పేరొక్కటే చాలు. ఎందుకంటే పొడుగు పేరును జనం నోట కుదిస్తే మిగిలేది ఆసిఫాబాద్, రాలిపోయేది భీం పేరు. అది మారేదాకా ఎక్కడ రాసినా పూర్తి పేరే రాద్దాం.